మధ్య మెట్టు ఎవరు చూస్తారు?

ఇప్పుడు కాటా గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది బిట్ల లెక్కే. అమ్మేవాడూ అదే చెబుతాడు, బాగుచేసేవాడూ అదే చెబుతాడు. ‘‘ఇరవై నాలుగు బిట్ల ఏడీసీ తాతా, ఇంకేం కావాల నీకు?’’ అంటారు. ఏడీసీ అంటే వోల్టేజిని అంకెగా మార్చే చిప్పు, ఇరవై నాలుగు బిట్లంటే దానికి 1,67,77,216 మెట్లు. సరే నాయనా, అందులో కదలకుండా నిలబడే మెట్లు ఎన్ని? ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఎత్తు సమానంగా ఉందా? సున్నా నుంచి చివరిదాకా గీత సూటిగా పోతోందా, మధ్యలో వంగిందా? ఈ మూడు ప్రశ్నలు అడిగితే సెల్‌ఫోను తీసి, డబ్బా మీద ఉన్న అక్షరాలనే మళ్లీ చదివి వినిపిస్తారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మా రోజుల్లో బిట్లు తక్కువ. ఎనిమిది మామూలు, పది గొప్ప, పన్నెండు దొరికితే పండగ. కానీ ఉన్న ప్రతి మెట్టునూ కొలిచి, నోటుబుక్కులో రాసి, ఆ తర్వాతే పెట్టెకు మూత బిగించేవాళ్లం.

నేను తిరుత్తణివాణ్ణి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. మా తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చాయి. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కొత్త రాళ్లు అమల్లోకి తెచ్చారు. మా నాయన మండీలో కాటా దగ్గర కూర్చునేవాడు. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, తూకం రాళ్లు మారాయి. ముల్లు నడిమికి వచ్చి నిలబడేదాకా సరుకు దించనివ్వని అలవాటు మాత్రం ఆయనకు మారలేదు. నేను డెబ్బైల్లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, కొన్నేళ్లు అంబత్తూరు వైపు మీటర్ల పనిచేసి, తర్వాత సొంతంగా తిరువళ్లూరు నుంచి పళ్లిపట్టు దాకా కాటాలూ మీటర్లూ బాగుచేస్తూ బతికాను. ముల్లు కాటా పోయి అంకెల కాటా రావడం నా చేతుల మీదుగానే జరిగింది.

గీత సూటిగా పోవడాన్నే లీనియారిటీ అంటారు, అదేమిటో మా ఊరివాళ్లకు చెప్పడం కష్టం కాదు. మా ఊరి గుడి కొండకు 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని అని పెద్దల మాట. డిసెంబరు 31న ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తారు. ఎనిమిది బిట్ల కన్వర్టరుకు 256 మెట్లే కాబట్టి మా కొండకు అది చాలదు, తొమ్మిది బిట్లు కావాలి. ఇప్పుడు ఆ మెట్లలో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఉందనుకోండి. కాలికి వెంటనే తెలుస్తుంది. మెట్టుకూ మెట్టుకూ ఉండే ఆ తేడానే డీఎన్‌ఎల్ అంటారు. ఇంకోరకం తప్పు ఉంది, అది కాలికి తెలియదు. కింది సగంలో ప్రతి మెట్టూ వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువ, పై సగంలో వెంట్రుకవాసి తక్కువ. ఎక్కేవాడికి ఎక్కడా తట్టు తగలదు. గుడి దగ్గరికి చేరేసరికి మొత్తం ఎత్తు కూడా సరిపోతుంది. కానీ సగం దారిలో నిలబడి కొలిస్తే, ఉండాల్సిన చోటికన్నా మూరెడు పైన ఉంటాం. కూడుకుంటూ వచ్చిన ఆ తప్పే ఐఎన్‌ఎల్. కింద సరే, పైన సరే, నడుమ తప్పు. ఈ వ్యాసమంతా ఆ నడుమ గురించే.

మొదట్లో డీఏసీని, అంటే అంకెను తిరిగి వోల్టేజిగా మార్చేదాన్ని, మేం రెసిస్టర్లతో కట్టేవాళ్లం. ఆర్-టూఆర్ నిచ్చెన అంటారు. ఆర్ విలువా, దానికి రెట్టింపు విలువా, ఈ రెండే విలువలతో ఎన్ని బిట్లయినా కట్టొచ్చు. ఒక్కో గడి కిందికి దిగేకొద్దీ కరెంటు సగం, సగంలో సగం అవుతూ పోతుంది. కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. బల్ల మీద పెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది. ఎనిమిది బిట్లలో అన్నిటికన్నా పై బిట్టు ఒక్కటే 128 మెట్ల బరువు మోస్తుంది, మిగిలిన ఏడూ కలిసి 127. పై బిట్టు రెసిస్టరులో ఒక్క శాతం తేడా వచ్చి కరెంటు తగ్గితే 128 కాస్తా 126.7 అవుతుంది. అంటే లెక్క 127 నుంచి 128కి పెరిగినప్పుడు వోల్టేజి పెరగాల్సింది పోయి తగ్గుతుంది. పైకి ఎక్కుతున్నామనుకుని కిందికి దిగడం అది. పన్నెండు బిట్లకు వెళితే పై బిట్టు 2,048 మెట్లు మోయాలి, అక్కడ 0.05 శాతం తేడాకే ఒక మెట్టు కొట్టుకుపోతుంది.

అందుకని రెసిస్టర్లు ఏరడమే పెద్ద పని. పొద్దున రైలెక్కి, అరక్కోణం, తిరువళ్లూరు దాటి మద్రాసు సెంట్రల్‌లో దిగి, రిచ్చీ స్ట్రీట్‌కు నడిచి వెళ్లేవాణ్ణి. మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు సంచెడు కొనుక్కొచ్చి, రాత్రి బ్రిడ్జి మీద ఒక్కొక్కటీ కొలిచి, దగ్గర దగ్గర విలువలవి ఒక కుప్ప, కాస్త ఎక్కువవి ఒక కుప్ప, కాస్త తక్కువవి ఒక కుప్ప పోసుకునేవాళ్లం. పై బిట్టుకు అన్నిటికన్నా మంచి జత. కింది బిట్లకు ఏది పెట్టినా నష్టం లేదు. ఏ రెసిస్టరు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే పనివాడు. ఇప్పటి పిల్లలకు ఈ ఏరడం తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, వాళ్లకు ఆ అవసరం రాలేదు. కానీ ఎందుకు ఏరేవాళ్లో కూడా తెలియకపోతే మాత్రం నాకు బాధే.

దానికి తోడు మా ఎండలు. మే నెలలో రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదైన ఊళ్లు చెబితే అందులో తిరుత్తణి పేరు తరచూ ఉంటుంది, 40 డిగ్రీలు దాటడం మాకు మామూలు. తెల్లవారుజామున ఉన్న వేడికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా అనుకోండి. డిగ్రీకి పది లక్షల్లో వంద భాగాలు మారే రెసిస్టరు ఆ తేడాకు పది లక్షల్లో 1,500 భాగాలు జరుగుతుంది. పన్నెండు బిట్లలో ఒక మెట్టు పది లక్షల్లో 244 భాగాలు. అంటే ఆరు మెట్లు! అన్ని రెసిస్టర్లూ ఒకేలా జరిగితే నిష్పత్తి చెడదు కాబట్టి గీత వంగదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ జరిగితేనే ప్రమాదం. అందుకే ఒకే కంపెనీవి, ఒకే లాటువి తీసుకుని, పక్కపక్కన పెట్టి, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా బిగించేవాళ్లం. సరిచూడటం పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డులో ఇంకోసారి. ఏసీ గదిలో ఒకసారి చూసి ‘ఓకే’ అని చీటీ అంటించే పద్ధతి అప్పుడు లేదు.

కాటాల్లోకి, మీటర్లలోకి మొదట వచ్చిన ఏడీసీ డ్యూయల్ స్లోప్ రకం. ఇంటర్‌సిల్ వాళ్ల 7107 అనే ఐసీ తెలియని మెకానిక్కు ఉండేవాడు కాదు. దాని పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. తెలియని వోల్టేజితో కొంతసేపు కెపాసిటరును నింపుతుంది. తర్వాత తెలిసిన వోల్టేజితో ఖాళీ చేస్తూ ఎంతసేపు పట్టిందో లెక్కపెడుతుంది. నింపిందీ ఖాళీ చేసిందీ ఒకే కెపాసిటరు, ఒకే రెసిస్టరు కాబట్టి వాటి అసలు విలువ ఎంతైనా లెక్కలో కొట్టుకుపోతుంది. నింపే కాలాన్ని 20 మిల్లీసెకన్లకు గుణిజంగా పెట్టుకుంటే 50 సైకిళ్ల కరెంటు గోల కూడా పోతుంది. అంత చక్కని ఏర్పాటులో ఒకే ఒక్క చిక్కు: కెపాసిటరు తాను మింగినదంతా తిరిగి ఇవ్వాలి. మైలార్ రకం కాస్త దాచుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. అప్పుడు గీత వంగుతుంది. పాలీప్రొపిలీన్ రకం దాచుకోవడం చాలా తక్కువ. డేటాషీటులో ఆ మాట రాసే ఉంది. అయినా పాలీప్రొపిలీన్ పీకేసి, విలువ ఒకటే కదా అని చేతికందిన మైలార్ పెట్టిన కాటాలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. సున్నా దగ్గర సరిగ్గా సున్నా చూపిస్తుంది, పైన ట్రిమ్మర్ తిప్పి సరిచేసి పంపేస్తారు. పొదటూరుపేట వైపు నూలు తూచే కాటా నడుమ తప్పు చెబితే నష్టపోయేది రోజంతా మగ్గం దగ్గర పనిచేసేవాడు.

మేం పడ్డ బాధ మా ఒక్కళ్లదే కాదు. 1954లో అమెరికాలో బెర్నార్డ్ గోర్డన్ అమ్మకానికి తెచ్చిన డాట్రాక్ అనే కన్వర్టరు పదకొండు బిట్లది, వాక్యూమ్ ట్యూబులది, బరువు దాదాపు 68 కిలోలు. డెబ్బైల్లో చిప్పు మీదే పలచని రెసిస్టరు పొర వేసి, కొలుస్తూ కొలుస్తూ లేజరుతో గీకి విలువ సరిచేయడం మొదలుపెట్టారు. మేం కుప్పలు పోసి ఏరింది వాళ్లు గీకి సాధించారు. 1976లో ఫిలిప్స్‌లో రూడీ వాన్ డి ప్లాష్ ఇంకో దారి పట్టాడు. సమానంగా ఉండాల్సిన కరెంట్లు ఎలాగూ సమానంగా ఉండవు, అయితే ఎవరి స్థానంలో ఎవరుండాలో క్షణక్షణానికీ మార్చేస్తే సగటున అందరి వాటా ఒకటే అవుతుంది అన్నాడు. డైనమిక్ ఎలిమెంట్ మ్యాచింగ్ అంటారు దాన్ని. ఫిలిప్స్ మొదటి సీడీ ప్లేయర్లలో వేసిన పద్నాలుగు బిట్ల డీఏసీలో ఉన్నది ఆ ఉపాయమే. 1984లో బర్క్‌లీలో లీ, హాడ్జెస్, గ్రే అనే ముగ్గురు, చిప్పు తన తప్పును తానే కొలుచుకుని, గుర్తుపెట్టుకుని, కొలిచే ప్రతిసారీ తీసేసుకునేలా చేశారు. ఈ పని గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఎందుకంటే అందులో ఉన్నది మా నోటుబుక్కే, ప్రతి బిట్టు బరువూ కొలిచి రాసుకోవడమే. అది చిప్పు లోపలికి వెళ్లింది, అంతే.

అన్నిటికన్నా గొప్పది డెల్టా-సిగ్మా. టోక్యోలో ఇనోసె, యసుదా 1962లో ఆ పద్ధతి చెప్పారు. ఇప్పుడు మీ కాటాలో ఉన్న ఇరవై నాలుగు బిట్ల చిప్పు ఆ జాతిదే. సాదా రూపంలో దాని లోపలి డీఏసీకి రెండే మెట్లు, ఉంది లేదా లేదు. రెండు చుక్కల మధ్య గీసిన గీత ఎప్పుడూ సూటిగానే ఉంటుంది కదా, అందుకని అక్కడ వంగడానికి మూడో చుక్క లేదు. ఆ రెండు మెట్ల మధ్య అతి వేగంగా అటూ ఇటూ దూకించి, సగటు తీసి, సన్నటి విలువ రాబడతారు. రెసిస్టర్లు ఏరే బాధ, లేజరు బాధ ఒక్క దెబ్బతో పోయాయి. రెండుకన్నా ఎక్కువ మెట్లు వేస్తే వేగం పెంచుకోవచ్చు, కానీ లీనియారిటీ బాధ మళ్లీ తలెత్తుతుంది, మళ్లీ ఎలిమెంట్లను తిప్పే ఉపాయాలు కావాలి. ఈ విద్యలో ప్రపంచమంతా చదివే పుస్తకం ఒకటుంది, 2017లో వచ్చిన దాని రెండో కూర్పు రాసిన ముగ్గురిలో ఒకరు మన ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ శాంతి పవన్. మా ఊరి నుంచి రైలెక్కితే పూటలో చేరే చోటు అది. అక్కడే పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ కె. రాధాకృష్ణారావు అనలాగ్ పాఠాలు ఎన్‌పీటీఎల్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. మా కాలంలో ఒక డేటాషీటు జిరాక్సు కోసం ఎవరి చుట్టూ ఎంత తిరిగామో తలుచుకుంటే, ఈ పిల్లలకు ఎంత అదృష్టం! ఆ అదృష్టాన్ని వాడుకోకుండా డబ్బా మీది బిట్లు చదివి వినిపించడమే నాకు ఒళ్లు మండించేది.

వందా నూటయాభైకి దొరికే హెచ్‌ఎక్స్711 చిప్పు సంగతే చూడండి. మంచి చిప్పు, దాన్ని నేనేమీ అనను. బరువును వోల్టేజిగా మార్చే లోడ్ సెల్ ఒక వోల్టుకు రెండు మిల్లీవోల్టులు ఇస్తుంది, ఐదు వోల్టులు ఇస్తే నిండు బరువుకు పది మిల్లీవోల్టులు వస్తాయి. చిప్పు సొంత గోల దాదాపు 50 నానోవోల్టులని తయారు చేసినవాళ్లే రాశారు. గోల ఎగుడు దిగుళ్లకు దానికి ఆరు రెట్ల పైన వదిలేస్తే, పది మిల్లీవోల్టులలో నిలకడగా నిలబడే మెట్లు ముప్పై వేల దగ్గర తేలతాయి. కోటీ అరవై ఏడు లక్షలు ఎక్కడ, ముప్పై వేలు ఎక్కడ? ముప్పై వేలు కూడా కాటాకు ఎక్కువే, సంతోషమే. కానీ అంకె ఊగకుండా నిలబడటం వేరు, నిలబడ్డ అంకె నిజం కావడం వేరు. చిప్పు ఎంత సూటిదైనా లోడ్ సెల్‌కు తన వంపు ఉంటుంది, ప్లాట్‌ఫారం అంచు ఎక్కడో రాసుకుంటుంది, మట్టి పేరుకుంటుంది. కొలిచేది మొత్తం గొలుసును, ఒక్క చిప్పును కాదు.

వే బ్రిడ్జి దగ్గర ఈ మాట ఎంత అవసరమో చెబుతాను. మా వైపు తిరువాలంగాడులో సహకార చక్కెర మిల్లు ఉంది, చుట్టుపక్కల చెరకు రైతులున్నారు, బియ్యం మిల్లులున్నాయి, కంకర లారీలున్నాయి. రోడ్డు పొడుగునా వే బ్రిడ్జిలు. ఆమధ్య ఒకచోట, ఊరూ పేరూ వద్దు, సర్వీసు కుర్రవాడు కాలిబ్రేషన్ చేస్తుంటే చూశాను. ఖాళీ ప్లాట్‌ఫారం మీద సున్నా నొక్కాడు. ఒక టన్ను రాళ్లు ఎక్కించి ‘1000’ కొట్టాడు. అయిపోయిందన్నాడు. అది యాభై టన్నుల బ్రిడ్జి. ‘‘నడుమ చూడవా అబ్బాయ్?’’ అన్నాను. ‘‘లీనియర్ కదా తాతా, అదే పోతుంది’’ అన్నాడు. ఒక టన్ను దగ్గర రెండు కిలోల తప్పు జరిగితే, అదే గీత పొడిగించుకుంటూ పోతే 25 టన్నుల దగ్గర యాభై కిలోలవుతుంది. యాభై కిలోలంటే రైతుకు ఎన్ని గడల చెరకు? పైగా యాభై టన్నుల దగ్గర ఎవరూ తూచరు. ఖాళీ లారీ ఏడెనిమిది టన్నులు, సరుకుతో ఇరవై, పాతిక. రైతుకు డబ్బు లెక్కగట్టే రెండు తూకాలూ నడుమ మెట్ల మీదే జరుగుతాయి. చూడకుండా వదిలేసేదీ ఆ మెట్లనే.

పద్ధతి లేక కాదు. తూనికల మీద అంతర్జాతీయ సిఫారసు ఒకటుంది, ఓఐఎంఎల్ ఆర్76 అని. పది కిలోల గీతలున్న మూడో తరగతి కాటాకు ముద్ర వేసేటప్పుడు ఐదు టన్నుల దాకా ఐదు కిలోలు, ఇరవై టన్నుల దాకా పది కిలోలు, ఆపైన పదిహేను కిలోలకు మించి తప్పు ఉండకూడదు. అంటే ప్రతి ఎత్తు దగ్గరా చూడాలనేగా దాని అర్థం? అన్ని రాళ్లు ఎక్కడ తెస్తాం అంటారు. యాభై టన్నుల రాళ్లు అక్కర్లేదు. సగానికి ఉంటే చాలు, అదే బరువు మళ్లీ మళ్లీ పెట్టినా అంకె మారకుండా ఉంటే ఐదో వంతు కూడా చాలునని ఆ సిఫారసులోనే ఉంది. యాభై టన్నులకు పది టన్నులు. రాళ్లు పెట్టి అంకె రాసుకోవాలి. రాళ్లు దించి, అదే అంకె వచ్చేదాకా లారీలో కంకర పోయించాలి. ఆ లారీ అక్కడే ఉండగా రాళ్లు మళ్లీ ఎక్కించాలి, ఇప్పుడు ఇరవై టన్నులు. మళ్లీ రాళ్లు దించి కంకర పెంచి, ముప్పై. అలా పైదాకా వెళ్లాక, కిందికి దిగుతూ కూడా అవే చోట్ల చూడాలి. పైకి ఒక అంకె, కిందికి ఒక అంకె వస్తే ఎక్కడో ఏదో పట్టేస్తోందని తెలుసుకోవాలి. మేం ఇట్లే చేసేవాళ్లం. పొద్దున మొదలుపెడితే సాయంత్రం అయ్యేది, లారీ వాళ్లు తిట్టేవాళ్లు, మిల్లు వాళ్లు విసుక్కునేవాళ్లు. అయినా చేసేవాళ్లం.

‘‘ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది తాతా’’ అని ఇంకో కుర్రవాడు నాతో వాదించాడు. సాఫ్ట్‌వేర్ సరిచేయగలదు, నేనేమీ కాదనడం లేదు. మంచి ఇండికేటర్ల మెనూలో లీనియరైజేషన్ అని ఒక వరస ఉంటుంది. ఐదారు చోట్ల అసలు బరువెంత, కాటా చూపిందెంత అని నింపితే, నడుమ వంపును అదే తీసేస్తుంది. ఒకప్పుడు మేం కాగితం మీద గ్రాఫ్ గీసి, పక్కన దిద్దుబాటు పట్టిక అంటించి చేసిన పని, ఇప్పుడు రెండు బటన్ల పని. కానీ ఆ అంకెలు ఎవరో ఒకరు ఎండలో నిలబడి కొలిచి తెచ్చి నింపాలి, చిప్పుకు వాటిని కలలో ఎవరూ చెప్పరు. నేను తెరిచి చూసిన ఇండికేటర్లలో ఆ వరస దాదాపు అన్నింటిలోనూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే సున్నాలతో ఉంది. మీ ఊళ్లో సర్వీసు కుర్రవాడు వచ్చినప్పుడు ఆ మెనూ తెరిచి చూపించమని అడగండి. సున్నాలుంటే, పది టన్నుల రాళ్లు, ఒక కంకర లారీ, పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా బ్రిడ్జి ఖాళీ, ఇవి ముందే మాట్లాడుకుని, ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టండి.